అట్లాంటిక్ చరిత్ర మీద ఎం.ఏ. ప్రాజెక్టు: ఎక్కడ మొదలుపెట్టాలి, ఎక్కడ తప్పుతారు

అనంతపురం, కడప, కర్నూలుల్లో ఎం.ఏ. చరిత్ర చదువుతూ ఈ అంశం తీసుకునేవాళ్లు తరచూ ఒకే పొరపాటు చేస్తారు. కొలంబస్‌తో మొదలుపెట్టి స్పెయిన్, పోర్చుగల్, ఇంగ్లండ్ సామ్రాజ్యాల కథ వరసగా చెప్పుకుపోతారు. అది ఐరోపా చరిత్రే, మధ్యలో నీళ్లున్నాయంతే. ఐరోపా, ఆఫ్రికా, రెండు అమెరికాలు 1492 తర్వాత ఒకదాన్నొకటి ఎలా మార్చాయన్నది ఇక్కడి ప్రశ్న. ఎక్కడ ఆపాలన్నది అంశాన్ని బట్టి ఉంటుంది: విప్లవాలైతే 1820ల దగ్గర, బానిసత్వమైతే బ్రెజిల్ దాన్ని రద్దు చేసిన 1888 దగ్గర.

ఈ రంగం ఎలా పుట్టిందో చెప్పలేకపోతే వైవాలో ఇరుక్కుంటారు. 1955లో రోమ్‌లో జరిగిన చరిత్రకారుల మహాసభలో ఫ్రాన్స్ చరిత్రకారుడు జాక్ గొదెషో, అమెరికా చరిత్రకారుడు రాబర్ట్ పామర్ అట్లాంటిక్‌ను ఒకే ప్రాంతంగా చూడొచ్చా అని అడిగారు. అమెరికా, పశ్చిమ ఐరోపా దేశాల సైనిక కూటమి నాటో పుట్టి ఆరేళ్లే అయింది కాబట్టి, ఇది చరిత్రా రాజకీయమా అన్న అనుమానం అప్పుడే లేచింది. 1995లో హార్వర్డ్‌లో చరిత్రకారుడు బెర్నార్డ్ బెయిలిన్ సెమినార్ మొదలయ్యాక రంగం స్థిరపడింది. కానీ ఇంత చెప్పి ఊరుకుంటే సగమే. కరీబియన్ దీవి ట్రినిడాడ్‌కు చెందిన సి.ఎల్.ఆర్. జేమ్స్ 1938లోనే హైతీలో బానిసలు చేసిన విప్లవం మీద రాశాడు. బానిసత్వానికీ పెట్టుబడికీ ఉన్న లంకె మీద ఎరిక్ విలియమ్స్ 1944లో రాశాడు. ఆయనదీ ట్రినిడాడే. వీళ్లిద్దరినీ ముందు పెట్టి, పామర్‌ను తర్వాత పెట్టండి.

అంశం ఎంచుకోవడానికి చరిత్రకారుడు డేవిడ్ ఆర్మిటేజ్ 2002లో చెప్పిన మూడు దారులు పనికొస్తాయి: సముద్రం మొత్తాన్నీ చూడటం, దాని చుట్టూ ఉన్న దేశాలను పోల్చడం, ఒక్క ఊరినో రేవునో పట్టుకుని సముద్రం దాన్నెలా మార్చిందో చూడటం. మొదటి రెండూ ఏళ్ల తరబడి పట్టే పనులు. మూడోది తీసుకోండి.

శెనక్కాయ మీద రాస్తామని మనవాళ్లు ఉబలాటపడతారు. కర్నూలు వైపు బుడ్డలంటారు, పేరేదైనా దాని పుట్టుక దక్షిణ అమెరికా. అయితే అనంతపురం మెట్టపొలాల్లో అది ఎలా వ్యాపించిందన్నది ఇక్కడి వ్యవసాయ చరిత్ర. అదే కాయ అమెరికా నుంచి ఆఫ్రికా చేరి, 19వ శతాబ్దంలో సెనెగల్, గాంబియాల నుంచి నూనె కోసం ఐరోపాకు ఎగుమతైందే, అది అట్లాంటిక్ చరిత్ర.

లెక్కలకు, ఆఫ్రికా నుంచి బానిసల్ని అట్లాంటిక్ దాటించిన ఓడల వివరాలున్న ‘స్లేవ్ వాయేజెస్’ డేటాబేస్ ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. అందులో దాదాపు 36,000 ప్రయాణాలున్నాయి. నమోదైన ప్రయాణాలు వేరు, వాటి మీద వేసిన అంచనా వేరు. ఒకే పట్టికలో రెండూ కలిపితే మొత్తం తప్పుతుంది. అంచనా ప్రకారం ఓడ ఎక్కించినవాళ్లు 1 కోటి 25 లక్షలు, ప్రాణాలతో దిగినవాళ్లు 1 కోటి 7 లక్షలు. ఏ సంఖ్య వాడుతున్నారో ప్రతిచోటా రాయండి.

పట్టికలో ఒక ఓడకున్న అంకెలు చూసి ఆగిపోకూడదు. 1781లో జోంగ్ అనే ఓడ పడమటి ఆఫ్రికాలోని అక్రా దగ్గర నుంచి 442 మంది బానిసలతో బయల్దేరి జమైకాలో 208 మందిని దించింది. పట్టికలో కనిపించేది ఈ తేడా ఒక్కటే. నీళ్లు చాలవన్న సాకుతో 130 మందికి పైగా మనుషుల్ని సముద్రంలోకి తోసేశారనీ, లివర్‌పూల్ యజమానులు తలకు 30 పౌండ్ల చొప్పున బీమా డబ్బు అడిగారనీ 1783 నాటి కోర్టు కాగితాలు చెబుతాయి. అందుకే ఎంచుకున్న ప్రతి ఓడకూ పట్టిక బయట మరో ఆధారం వెతకండి. పోర్చుగీసు రాకపోతే బ్రెజిల్ జోలికి పోకుండా బ్రిటిష్ రేవు తీసుకోవడం మేలు.

మన వైపు నుంచి లంకె కావాలంటే బట్టలను పట్టుకోండి. కోరమాండల్ తీరపు నూలు గుడ్డలు పడమటి ఆఫ్రికాలో మనుషుల్ని కొనడానికి చెల్లింపుగా నడిచాయి. కడప నీలిమందును కూడా అందులో కలపాలని మనసు లాగుతుంది. ఆ గుడ్డకు అద్దింది ఆ నీలేనని చూపే కాగితం దొరికేదాకా దాన్ని ఫుట్‌నోట్‌లో కూడా పెట్టకండి.