వైన్, చీజ్ రుచి కుదరకపోతే: ముందు చూడాల్సింది ఎండ, కారం

మా కొండాపూర్ ఫ్లాట్‌లో అప్పుడప్పుడూ నలుగురైదుగురం కూర్చుని వైన్, చీజ్ రుచి చూస్తుంటాం. కుదరనప్పుడల్లా సీసాని తిట్టుకునేవాళ్లం. తీరా చూస్తే చాలాసార్లు తప్పు సీసాది కాదు, ఎండది. లేదంటే పక్కనున్న కారపు స్టఫ్‌ది.

సమస్య: రెడ్ వైన్ ఘాటుగా, దగ్గు మందులా ఉంది

రెడ్ వైన్ గది వేడిలోనే తాగాలన్న మాట చలి దేశాల్లో పుట్టింది. అక్కడి గది అంటే 16 నుంచి 18 డిగ్రీలు. మే నెలలో మన వంటింటి అరలో సీసా 35 దాకా వేడెక్కుతుంది. అప్పుడు ముక్కుకి ముందు తగిలేది ఆల్కహాలే, పండు వాసన అడుగున పడిపోతుంది.

"మామా, ఇది పాడైందిరా" అంటూ ఒకడు షిరాజ్ అనే రెడ్ వైన్ గ్లాసు పక్కన పెట్టేశాడు. స్టీల్ బకెట్‌లో సగం ఐస్, సగం నీళ్లు పోసి, గుప్పెడు కల్లుప్పు వేసి సీసా ముంచాం. ఉత్త ఐస్ అయితే ముక్కల మధ్య గాలి ఉంటుంది, చల్లబడటం ఆలస్యం. నీళ్లు సీసా చుట్టూ ఆనుకుని వేడిని లాగేస్తాయి. పది నిమిషాలయ్యాక తుడిచి పోస్తే నేరేడు పండు వాసన, వెనకే మిరియాల ఘాటు. వాడే రెండోసారి గ్లాసు చాపాడు. బకెట్ లేకపోతే ఫ్రిజ్‌లో గంటకు పైగా ఉంచండి.

వైట్ వైన్‌ది దీనికి తలకిందులు. ఫ్రిజ్‌లోంచి తీసీ తీయగానే పోస్తే చలికి వాసన ముడుచుకుపోతుంది. పది నిమిషాలు బయట ఉంచితే చాలు.

సమస్య: చీజ్ మైనంలా ఉంది

చలికి కొవ్వు గట్టిపడింది. గంట ముందు బయటపెట్టమంటారు కానీ, మన ఎండాకాలంలో అంతసేపు ఉంచితే నూనె కారుతుంది. ఇరవై నిమిషాలు చాలు, ఏసీ గదిలో అరగంట.

సమస్య: చిలుము పట్టిన గరిటె నాకినట్టు చేదు

వగరున్న రెడ్ వైన్‌తో బ్రీ లాంటి మెత్తటి చీజో, నీలం బూజు చారలుండే బ్లూ చీజో తిన్నారన్నమాట. ఆ వగరు ద్రాక్ష తొక్కల్లోంచి, గింజల్లోంచి వచ్చే టానిన్‌ది. అది లాలాజలంలోని ప్రొటీన్లను పట్టుకుంటుంది, పచ్చి జామకాయ కొరికినట్టు నోరు ఆరిపోతుంది. పాతబడిన చెడ్డర్, గౌడా లాంటి గట్టి చీజ్‌ల్లో కొవ్వూ ప్రొటీనూ దండిగా ఉంటాయి కాబట్టి ఆ వగరును మెత్తబరుస్తాయి.

మేకపాల చీజ్‌కి సావిన్యోన్ బ్లాంక్ అనే వైట్ వైన్ పోయండి. ఫ్రాన్స్‌లో లోయిర్ నది ప్రాంతంలో ఈ రెండూ పక్కపక్కనే పుట్టాయి: సాన్సేర్ వైన్, షావిన్యోల్ చీజ్. నాసిక్ సావిన్యోన్ బ్లాంక్‌తోనూ ఆ జోడీ చక్కగా కుదురుతుంది. ఉప్పగా ఉండే బ్లూ చీజ్‌కి మాత్రం తీపి వైనే కావాలి. నాసిక్ లేట్ హార్వెస్ట్ (బాగా పండాక ఆలస్యంగా కోసిన ద్రాక్షతో చేసిన) షెనిన్ బ్లాంక్ అనే తీపి వైట్ వైన్‌తో తిని చూడండి, నాకు అన్నిటికన్నా ఇష్టమైన జోడీ అది.

సమస్య: నోరు మండిపోతోంది

మిర్చి బజ్జీ, మసాలా పల్లీలు పక్కనే ఉన్నాయా? కారం మంటను ఆల్కహాల్ ఇంకా రేపుతుంది. అవి లేనిదే మన దగ్గర పార్టీ కాదని తెలుసు, అందుకే వాటిని రుచి చూడటం అయ్యాక తెప్పించండి. అంతవరకూ ఉత్త బ్రెడ్, బాదం, కారం చల్లని జామ ముక్కలు. కారం తప్పనిసరైతే కొంచెం తీపిగా, ఆల్కహాల్ తక్కువగా ఉన్న వైన్‌ని బాగా చల్లబరచి పోయండి.

సమస్య: డబుల్ కా మీఠా తిన్నాక వైన్ పులుపెక్కింది

వైన్ తీపి మిఠాయి తీపిని మించాలి. లేదా మిఠాయి చివరికి ఉంచాలి.

సమస్య: తడిసిన అట్టపెట్టె వాసన

ఇది మాత్రం సీసా తప్పే. కార్క్‌లో చేరిన రసాయనం వల్ల వస్తుంది, చల్లబరిచినా పోదు. పక్కన పెట్టి ఇంకొకటి తెరవండి.

సమస్య: నాలుగో సీసాకి ఏదీ తెలియట్లేదు

ఎక్కువ పోస్తున్నారు. ఒక్కో గ్లాసుకి 50 మిల్లీలీటర్లు చాలు, 750 మిల్లీలీటర్ల సీసా పదిహేను గ్లాసులకు వస్తుంది. తేలిక వైన్లతో మొదలుపెట్టి బరువైనవాటికి వెళ్లండి, మధ్యలో నీళ్లు తాగండి. మొదటి సీసా తెరవకముందే బండి తాళాలన్నీ తీసుకుని అల్మారాలో పెట్టేయండి, తిరిగి వెళ్లడానికి క్యాబ్‌లే.