ఎండ్ క్రెడిట్స్‌లో ఒక్క పేరు పట్టుకుని యానిమేటర్ కెరీర్ చదవడం ఎలా

యానిమే, అంటే జపాన్ యానిమేషన్, ఎపిసోడ్ అయిపోగానే స్కిప్ కొట్టేస్తాం కదా, ఈసారి కొట్టకండి. మీకు నచ్చిన ఆ ఫైట్ గీసినవాళ్ల పేరు అక్కడే వెళ్లిపోతూ ఉంటుంది. పేరు ఒక్కటే చూస్తే లాభం లేదు, ఏ హోదా కింద ఉందో చూడాలి.

కింది మెట్టు డోగా. రెండు ముఖ్యమైన బొమ్మల మధ్య కదలికను నింపే పని, కొత్తవాళ్లలో చాలామంది మొదలయ్యేది ఇక్కడే. బొమ్మకింత అని లెక్క, ఒక్కోదానికి సుమారు 200 యెన్‌లు అని ఎప్పటినుంచో వినిపించే మాట, టోక్యోలో అద్దె కట్టుకుంటూ దాంతో బతకడం ఎంత కష్టమో మీరే ఊహించుకోండి. దాని పైన గెంగా, అంటే ఆ ముఖ్యమైన బొమ్మలే, నటనా టైమింగూ పుట్టేది ఇందులోనే. ఆ పైన సకుగా కంతొకు, వాడుకలో సక్కన్: పదిమంది గీసినవి దిద్ది, పాత్ర ముఖం షాట్ షాట్‌కీ మారిపోకుండా చూసే మనిషి. బాగుంటే ఎవరూ గుర్తించరు, ముక్కు కాస్త వంకరపోతే మాత్రం తిట్లన్నీ వీళ్లకే.

ఇప్పుడు ఒక పేరు తీసుకుని ఏడాది, సినిమా, హోదా వరసగా రాసుకోండి. యోషిఫుమి కొండోనే చూడండి: 1988లో 'గ్రేవ్ ఆఫ్ ద ఫైర్‌ఫ్లైస్'కి క్యారెక్టర్ డిజైన్, సక్కన్ పని, 1995లో 'విస్పర్ ఆఫ్ ద హార్ట్'కి ఏకంగా డైరెక్టర్, మళ్లీ 1997లో 'ప్రిన్సెస్ మోనోనోకె' సక్కన్‌లలో ఒకరు. దాన్ని దిగజారడం అనుకుంటే పొరపాటే, డైరెక్ట్ చేసినాయన మళ్లీ పెన్సిల్ పట్టడం అక్కడ వింతేం కాదు. తర్వాతి ఏడాదే, 47 ఏళ్లకే పోయారు.

కొన్ని చోట్ల బోల్తా పడతారు. జపాన్‌లో పేర్లు రాసేది ఎక్కువగా కంజీలో, అంటే చైనా నుంచి వచ్చిన అక్షరాల్లో; ఒకే కంజీ పేరును రెండు మూడు రకాలుగా చదవొచ్చు, కాబట్టి కంజీలోనే వెతకండి. మారుపేర్లతో పనిచేసేవాళ్లూ ఉన్నారు. టీవీ ఎపిసోడ్‌కి పదిమంది సక్కన్‌లు కనిపిస్తే గొప్ప అనుకోకండి, చాలాసార్లు అది షెడ్యూల్ కొట్టుకుపోయిందనడానికి గుర్తు.

ఇంకో ఇబ్బంది, ఏ షాట్ ఎవరిదో క్రెడిట్స్ చెప్పవు. సకుగాబూరు అనే వెబ్‌సైట్‌లో యానిమేషన్ క్లిప్పులకు యానిమేటర్ల పేర్లు తగిలించి ఉంటాయి గానీ వాటిలో కొన్ని అభిమానుల అంచనాలే, స్టూడియోలు వేసే గెంగా పుస్తకాలు దొరికితే వాటితో సరిచూసుకోండి. అవీ దొరక్కపోతే ఆ మనిషి పనిచేసిన రెండు మూడు ఎపిసోడ్‌లు ఫ్రేమ్ ఫ్రేమ్‌గా నడపండి, పొగ ఒకేలా విచ్చుకోవడమో, బట్ట మడతలు ఒకే తీరుగా పడటమో కాసేపటికి కంటికి ఆనుతుంది.