ఊరి అర్జీని హైదరాబాద్‌లో నడిపించడం ఎలా

మాసబ్‌ట్యాంక్‌లో ఒక డీటీపీ సెంటర్‌లో పని చేస్తాను. మాది భద్రాచలం దాటాక దుమ్ముగూడెం వైపు ఒక కోయగూడెం. గిరిజన సంక్షేమ శాఖ కమిషనర్ ఆఫీసు మా సెంటర్‌కి దగ్గరే. రాత్రి బస్సెక్కి తెల్లారేసరికి ఎంజీబీఎస్‌లో దిగి, నలిగిన ప్లాస్టిక్ కవర్లో కాగితాలు పట్టుకుని మా షాపు మెట్ల మీద కూర్చునే మనవాళ్లను పదకొండేళ్లుగా చూస్తున్నాను. గుట్ట మీద క్వారీ వస్తోందని ఒకరు, పోడు భూమిలో (అడవిని చదును చేసి సాగు చేసుకునే నేలలో) కందకం తవ్వుతున్నారని ఇంకొకరు. ఈ మధ్య సిటీలో చదువుకునే మన పిల్లలు, వాళ్ల స్నేహితులు వచ్చి "అక్కా, ఊరికి మేమెలా సాయపడాలి?" అని అడుగుతున్నారు. నేను చేస్తూ నేర్చుకున్నదంతా వాళ్ల కోసం రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు, అర్జీ మీరు రాయకండి. ఊరు చెప్పింది రాయండి. ఈ తప్పు నేనే చేశాను. ఒక తాత తన గుట్ట గురించి గంటసేపు చెప్పాడు. నేను దాన్ని "మేము అటవీ ఉత్పత్తులపై ఆధారపడి జీవిస్తున్నాము" అని ఒక్క వాక్యంగా టైపు చేశాను. చదివి వినిపించమన్నాడు. విని, కాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఇందులో మా ఊరేదమ్మా?" అన్నాడు. మళ్లీ మొదలుపెట్టాం. వాగు పేరు, ఎండాకాలం అందులో ఎక్కడ చెలమ తీస్తారో, ఇప్పచెట్లు ఎన్ని ఉన్నాయో, ఒక్కో ఇంటికి ఎన్ని బుట్టల పువ్వు వస్తుందో, తునికాకు ఏ వైపు కోస్తారో, వేల్పు ఏ చెట్టు కింద ఉంటాడో. రెండు పేజీలైంది. తర్వాత వచ్చిన ఎంక్వైరీ అధికారి ఆ కాగితం పట్టుకునే ఒక్కో చోటు తిరిగి చూడాల్సి వచ్చింది.

వేల్పు గురించి, కొలుపుల గురించి ఎందుకు అని కొట్టేయకండి. ఒడిశాలో నియమగిరి కొండ మీద బాక్సైట్ తవ్వకం కేసులో 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు, అక్కడి ఆదివాసుల మతపరమైన, సాంస్కృతిక హక్కులను కూడా గ్రామసభలే తేల్చాలని చెప్పింది. 12 ఊళ్లలో సభలు పెట్టారు. 12 ఊళ్లూ వద్దన్నాయి. నియమరాజు మా దేవుడని డోంగ్రియా కోంధులు చెప్పిన మాటలే అక్కడ బలమయ్యాయి.

అర్జీకి వెన్నెముక గ్రామసభ తీర్మానం. 1996 పెసా చట్టం (ఆదివాసీ ప్రాంతాల్లో గ్రామసభకు అధికారమిచ్చే పంచాయతీ చట్టం) ప్రకారం షెడ్యూల్డ్ ఏరియాలో, అంటే ఆదివాసీ ప్రాంతంగా ప్రకటించిన చోట, మన గూడెమే ఒక గ్రామసభ కావచ్చు, పంచాయతీ మొత్తం కూడాల్సిన పనిలేదు. అటవీ హక్కుల చట్టం కింద పెట్టే సభకైతే సభ్యుల్లో కనీసం సగం మంది రావాలి, వచ్చినవాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు ఉండాలి. తేదీ, చోటు, తీర్మానం పూర్తి పాఠం రాశాక అదే పేజీలో సంతకాలు మొదలవ్వాలి. తీర్మానం ఒక కాగితం మీద, సంతకాలు విడిగా తెల్లకాగితం మీద ఉంటే "ఇవి ఎందుకు పెట్టిన సంతకాలు?" అని అడుగుతారు. వేలిముద్ర పక్కన పేరు, ఇంటిపేరు, వయసు రాయండి.

1996 డిసెంబర్ 24న పెసా అమల్లోకి వచ్చింది. సరిగ్గా ఆ నెలలోనే అమెరికాలో న్యూమెక్సికోలోని జెమెజ్‌లో పర్యావరణ న్యాయం కోసం పోరాడేవాళ్లు కూర్చుని ఆరు సూత్రాలు రాసుకున్నారు. ఎవరి సంగతి వాళ్లనే చెప్పుకోనివ్వాలన్నది అందులో ఒకటి. ఒకరి సంగతి ఒకరికి తెలియకుండానే రెండు చోట్లా ఒకే మాట. సిటీ నుంచి సాయం చేసే ప్రతివాళ్లకూ నేను ఈ సంగతి చెబుతుంటాను.

ఇక ప్రజాభిప్రాయ సేకరణ. పెద్ద గని గానీ ఫ్యాక్టరీ గానీ వస్తుంటే 2006 ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్ ప్రకారం కాలుష్య నియంత్రణ మండలి దీన్ని జరపాలి. కనీసం 30 రోజుల ముందు పేపర్లలో ప్రకటన వేయాలి. పేపరు రాని చోట్ల దండోరా లాంటివాటితో చెప్పించాలని ఆ నోటిఫికేషన్‌లోనే ఉంది. కాబట్టి "మా ఊళ్లో దండోరా వేయలేదు" అన్నది చిన్న ఫిర్యాదు కాదు, రాసి పెట్టండి. సిటీలో ఉన్నవాళ్లు చేయగల అసలు పని ఈ నెలరోజుల్లోనే ఉంది. ప్రాజెక్టు రిపోర్టు ఇంగ్లిష్‌లో వందల పేజీలుంటుంది. తెలుగులో సారాంశం కలెక్టరేట్‌లో, జిల్లా పరిషత్‌లో పెట్టాలి. రెండూ తెచ్చి పక్కపక్కన పెట్టి చదవండి. మన వాగు మ్యాపులో ఉందా? మన గూడెం ఎన్ని కిలోమీటర్ల దూరమని రాశారు? చదివిన ప్రతిదీ ఫోన్‌లో ఊరికి చదివి వినిపించండి. తప్పెక్కడుందో వాళ్లే పట్టుకుంటారు. మనకు రిపోర్టు అర్థమవుతుంది, వాళ్లకు నేల తెలుసు.

ప్రజాభిప్రాయ సేకరణ సభకు కోరం, అంటే కనీసం ఇంతమంది రావాలన్న లెక్క, లేదు. పదిమందే వచ్చినా జరిగినట్టే లెక్క. బహిష్కరిద్దామని సిటీ నుంచి వెళ్లినవాళ్లు తొందరగా అనేస్తారు. అది ఊరు తీసుకోవాల్సిన నిర్ణయం. నన్నడిగితే వెళ్లి మాట్లాడటమే మేలు, ఎందుకంటే అక్కడ చెప్పినదంతా వీడియోలోకి ఎక్కాలి. కోయలో మాట్లాడేవాళ్లను కోయలోనే మాట్లాడనివ్వండి, పక్కన ఒకరు నిలబడి తెలుగులో చెప్పాలి. చివర్లో సభ సారాంశం అందరికీ తెలుగులో చదివి వినిపించాలి. అది వినకుండా ఎవరూ లేవకండి. మీరు చెప్పింది అందులో లేకపోతే అక్కడే లేచి అడగండి.

అర్జీ ఇచ్చేటప్పుడు రెండు కాపీలు తీసుకెళ్లండి. ఒకటి ఇచ్చి, రెండోదాని మీద స్టాంపు, తేదీ, ఇన్‌వర్డ్ నంబర్ వేయించుకోండి. "ఇచ్చేసి వెళ్లండి, చూస్తాం" అంటే కదలకండి. ఒక ఆఫీసులో మేము నమ్మి వచ్చేశాం. నాలుగు నెలల తర్వాత అసలు అర్జీయే రాలేదన్నారు. ఊరంతా పనులు మానుకుని పెట్టిన సంతకాలు పోయాయి. ఇప్పటికీ ఆ రోజు గుర్తొస్తే కడుపులో మండుతుంది. అడవి సంగతైతే సైఫాబాద్‌లో అరణ్య భవన్, కాలుష్యమైతే సనత్‌నగర్‌లో మండలి ఆఫీసు, ప్రభుత్వానికి నేరుగా ఇవ్వాలంటే మంగళ, శుక్రవారాల్లో బేగంపేట ప్రజాభవన్‌లో ప్రజావాణి. ఎక్కడిచ్చినా స్టాంపు కాపీ ఉండాల్సిందే.

నెల గడిచినా ఉలుకూ పలుకూ లేకపోతే ఆర్టీఐ (సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు) వేయండి. మండల స్థాయికి 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు, ఊళ్లో అయితే ఫీజు లేదు. "మా సమస్య ఎందుకు తీర్చలేదు?" అని అడిగితే జవాబు రాదు. "ఫలానా నంబరు అర్జీ మీద ఏ అధికారి ఏ తేదీన ఏం రాశారో ఫైల్ నోట్ కాపీ ఇవ్వండి" అని అడగండి. 30 రోజుల్లో ఇవ్వకపోతే మొదటి అప్పీలు.

ఆఫీసులో ఎలా ఉండాలో కూడా చెప్పాలి. సిటీకి వచ్చిన కొత్తలో నేను గది అద్దెకు అడిగితే, కులం అడిగి తెలుసుకున్న వెంటనే ఖాళీ లేదన్నారు. టు-లెట్ బోర్డు మాత్రం నెలరోజులు అక్కడే వేలాడింది. ఆ చూపే ఆఫీసుల్లోనూ ఎదురవుతుంది. ప్యాంటు వేసుకున్న మిమ్మల్ని "మీరు" అంటారు, మీ పక్కనున్న తాతను "నువ్వు" అంటారు. అందుకే ముందు తాతకు కుర్చీ అడగండి. ప్రశ్న మిమ్మల్ని అడిగినా "తాతా, సారు అడుగుతున్నారు" అని ఆయన వైపు తిప్పండి. ఆదివాసుల భూమిని లాక్కోవడం, అటవీ హక్కులకు అడ్డుపడటం 1989 అట్రాసిటీ చట్టం కింద నేరం. అవసరమైతే ఆ సంగతి నెమ్మదిగానే గుర్తు చేయండి.

ధర్నా చౌక్, ప్రెస్‌మీట్ తర్వాతి సంగతి, అదీ ఊరు అడిగితేనే. నల్లమల యురేనియం విషయంలో చెంచుపెంటల (చెంచు ఆదివాసుల గూడేల) నుంచి మొదలైన గొంతుకు 2019లో హైదరాబాద్ తోడైంది. సెప్టెంబర్ 16న అసెంబ్లీ తవ్వకాలు వద్దని తీర్మానం చేసింది. ఆ వరుస గుర్తుపెట్టుకోండి: ముందు పెంట, తర్వాత సిటీ.

పని అయ్యాక అన్ని కాగితాలకు మూడేసి జిరాక్సులు తీయండి, ఫోన్‌లో ఫొటోలు తీసి ఉంచుకోండి. అప్పీలు గడువు తేదీని ఫైలు అట్ట మీద పెద్ద అంకెలతో రాయండి. జిరాక్సులు మీ దగ్గర ఉంచుకుని, ఒరిజినల్స్ మాత్రం ఆ రాత్రి బస్సుకే తాత చేతికిచ్చి ఊరికి పంపించండి.