టపాకాయలు, బరాత్‌లు మొదలవకముందే గుర్రానికి నేర్పాల్సినవి

ఆశ్వయుజ అమావాస్యకు దీపావళి. అది దాటి కార్తీకం రాగానే పెళ్ళి ముహూర్తాలు. బరాత్‌లకు, అంటే వరుణ్ణి గుర్రం మీద ఊరేగించే వేడుకలకు, గుర్రాలను పంపేవారికి ఈ రెంటి మధ్య ఊపిరి పీల్చుకునే వ్యవధి ఉండదు. గుర్రం బెదిరాక దాన్ని ఎలా ఆపాలా అని చూసేవారే ఎక్కువ. నెమ్మదించమని మనం చేసే సంకేతం దానికి ముందుగా తెలిసి ఉంటేనే ఆ క్షణంలో పనికొస్తుంది. వినాయక నిమజ్జనాల డప్పులు సద్దుమణగగానే మొదలుపెడితే దీపావళికి దాదాపు ఆరు వారాలు చేతిలో ఉంటాయి. అవి సరిపోతాయి.

గుర్రం భయపడటం పొగరు కాదు. పారిపోయి ప్రాణం కాపాడుకునే జాతి అది. మనిషి చెవికి 20 కిలోహెర్ట్జ్ దాటిన ధ్వని వినిపించదు, గుర్రం 33 కిలోహెర్ట్జ్ వరకూ వింటుంది. కళ్ళు తలకు రెండు పక్కలా ఉండటం వల్ల చుట్టూ దాదాపు అంతా కనిపిస్తుంది కానీ, నుదుటికి సరిగ్గా ఎదురుగా కొంత మేర, తోక వెనక కొంత మేర కనిపించదు. బరాత్‌లో ఔట్లు పేలేది చాలాసార్లు ఆ కనిపించని చోటే.

మొదట నేర్పవలసింది తల దించడం. పొద్దున్నే, మేత తిన్నాక, మట్టి నేల మీద, చప్పుడు లేని చోట మొదలుపెట్టండి. నోట్లో కళ్ళెం వద్దు, మెత్తటి తలపట్టీ, పొడవాటి తాడు చాలు. ఎదురుగా నిలబడకుండా ఎడమ భుజం పక్కన నిలబడండి. దవడ కింద జానెడు దూరంలో తాడు పట్టుకుని, వేళ్ళ బరువు మాత్రమే తగిలేలా కిందికి ఆనించి ఆగండి. గట్టిగా లాగితే గుర్రం తల ఇంకా పైకెత్తుతుంది. ఓపిక పడితే ఎప్పుడో ఒకసారి ఒక్క అంగుళం తల దిగుతుంది. ఆ క్షణమే, అర సెకను కూడా ఆలస్యం చేయకుండా తాడు వదులు చేయాలి. గుర్రం పాఠం నేర్చుకునేది వదిలినప్పుడే, పట్టుకున్నప్పుడు కాదు. తల దించి, మళ్ళీ ఎత్తిన తర్వాత వదిలారంటే తల ఎత్తడమే సరైన పని అని అది నేర్చుకుంటుంది. శిక్షణలో ఎక్కువ మంది తప్పేది ఇక్కడే.

వేలి బరువుకే తల దిగడం వచ్చాక మాట జోడించండి. ముందు మాట, ఒక క్షణం ఆగి ఆ తర్వాత తాడు. మాట ఏదైనా ఫర్వాలేదు కానీ గుర్రం పట్టేవారందరూ అదే మాటను అదే గొంతుతో, మెల్లగా అనాలి. ఒకరు ‘దించు’ అని, ఇంకొకరు ‘ఆగు’ అని అరిస్తే దానికి అదీ ఒక గోలే అవుతుంది. పైన మనిషి కూర్చునే గుర్రం తలను నేల దాకా దించనక్కర లేదు, ఛాతీ ఎత్తుకు దిగితే చాలు. మరీ కిందికి దిగితే వరుడు ముందుకు జారతాడు.

రెండోది గోకడం. జూలు ముగిసి వీపు మొదలయ్యే చోట, మూపు మీద, వేళ్ళతో నెమ్మదిగా గోకండి. గుర్రాలు ఒకదాన్నొకటి పళ్ళతో గోక్కునేది కూడా అక్కడే. అలా గోకితే గుండె వేగం తగ్గుతుందని పరిశోధకులు కొలిచి చూశారు. మెడ మీద చరచడం మాత్రం మానండి, అది మనకు బాగుంటుంది కానీ దానికి కాదు. గుండె వేగం తెలుసుకోవడానికి దవడ ఎముక కింది నాడిని 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించండి. తీరికగా ఉన్న పెద్ద గుర్రానికి నిమిషానికి 28 నుంచి 44 దాకా ఉంటుంది. మీ గుర్రానికి మామూలుగా ఎంత ఉంటుందో ముందే రాసిపెట్టుకోండి.

ఈ రెండూ వచ్చాకే చప్పుళ్ళు. బ్యాండు, డప్పు, టపాకాయల శబ్దాలను ఫోన్లో పెట్టి, గుర్రం చెవి తిప్పినా మేత ఆపనంత తక్కువ స్థాయిలో మొదలుపెట్టండి. శబ్దం పెంచినరోజు దూరం తగ్గించవద్దు, దూరం తగ్గించినరోజు శబ్దం పెంచవద్దు. సెహ్రా (వరుడి ముఖం మీద వేలాడే పూల తెర), గజ్జెలు, మెరిసే గుడ్డలు కూడా ఒక్కొక్కటిగా ముందే అలవాటు చేయండి.

ఇందులో ఒక ప్రమాదం ఉంది. చప్పుడు వచ్చే ముందు మాత్రమే ‘దించు’ అంటూ ఉంటే, ఆ మాట వినగానే ఏదో పేలబోతోందని గుర్రం అనుకుంటుంది. నెమ్మదింపజేయాల్సిన మాటే భయానికి గుర్తవుతుంది. అందుకే మేత వేసేటప్పుడు, ఒళ్ళు తోమేటప్పుడు, ఏమీ జరగని మామూలు వేళల్లో రోజూ ఆ మాట వాడాలి. గుర్రాన్ని కట్టేసి దగ్గర్లో టపాకాయలు కాల్చి ‘అలవాటు చేస్తున్నాం’ అనేవారిని దయచేసి దగ్గరికి రానివ్వకండి. అలా చేస్తే కొన్ని గుర్రాలు కదలడం మానేస్తాయి. అది శాంతం కాదు. దగ్గరగా చూడండి: కంటి పైన చర్మం ముడుచుకుని, గడ్డం బిగిసి, ముక్కుపుటాలు విచ్చుకుని, తోక ఒంటికి అదిమి ఉంటే తల ఎంత కిందికి దిగినా లోపల భయం అలాగే ఉందన్నమాట. ఆ రోజుకు ఆపేయండి.

బరాత్ ఒప్పుకునేటప్పుడే షరతులు చెప్పండి. గుర్రం వెనక టపాకాయలు కాల్చకూడదు, డీజే బండి, జనరేటర్ దూరంగా ఉండాలి, పక్కకు తప్పుకోవడానికి దారి వదలాలి. గుర్రం మోసే బరువు జీనుతో కలిపి దాని బరువులో ఐదో వంతు మించకపోవడం మంచిది. 300 కిలోల గుర్రానికి అది 60 కిలోలే. వరుడితో పాటు పిల్లవాణ్ణి కూడా ఎక్కిస్తామంటే వద్దనండి. ముళ్ళ కళ్ళెం 1965 నాటి పశుహింస నివారణ నిబంధనల ప్రకారమే నిషిద్ధం. నొప్పి భయాన్ని రెట్టింపు చేస్తుంది. తాడును చేతికి చుట్టుకోవద్దు, గుర్రం ఉరికితే వేళ్ళు పోతాయి. సంకేతం ఇచ్చినా రెండోసారికి స్పందన లేకపోతే మూడోసారి ప్రయత్నించకండి. వరుణ్ణి దించి గుర్రాన్ని పక్క వీధిలోకి నడిపించండి. పెళ్ళివారు కోప్పడితే పడనివ్వండి.

దీపావళి రాత్రి గుర్రాన్ని ఒంటరిగా వదలవద్దు. శాలలో దీపం వెలుగుతూ ఉంటే బయటి మెరుపులు అంతగా తెలియవు. ఎండుగడ్డి నిండుగా వేయండి, అలవాటైన మనిషి తోడుగా ఉండాలి. టపాకాయలకు రాత్రి 8 నుంచి 10 గంటల వరకే అని సుప్రీంకోర్టు 2018లో చెప్పింది, వీధివారికి ఆ మాట ముందే గుర్తుచేయండి. మత్తుమందులు సొంతంగా ఇవ్వకండి. ఎసిప్రోమజిన్ అనే మత్తుమందు వల్ల మగ గుర్రాలకు అంగం లోపలికి ముడుచుకోక శాశ్వతంగా దెబ్బతినే ప్రమాదం ఉంది. పశువైద్యుడు చూసి ఇస్తే తప్ప వద్దు. మందు పడిన గుర్రం కూడా ఉలిక్కిపడి తన్నగలదు.

బరాత్ నుంచి ఇంటికి తెచ్చాక నీళ్ళు, గడ్డి పెట్టి ఒక గంట గమనించండి. నేల గీరుతూ, డొక్కల వైపు తిరిగి చూస్తూ, పడుకుని దొర్లుతుంటే అది కడుపునొప్పి. మేత తీసేసి వెంటనే పశువైద్యుణ్ణి పిలవండి, తెల్లవారే దాకా ఆగవద్దు.