డాట్ పీన్ మార్కింగ్: కొత్త బ్యాచ్ ఎక్కించే ముందు

డాట్ పీన్ అంటే గట్టి పిన్నుతో లోహం మీద చుక్కలు కొట్టి నంబరు వేయడం. నెలాఖరు డిస్పాచ్ తొందరలో ఈ మెషిన్ సెట్టింగులు మార్చేవాళ్లు వీటిని మాత్రం వదలకండి.

– ముందు హోమింగ్ (హెడ్‌ని సున్నా స్థానానికి తేవడం), తర్వాత పిన్ను కొట్టకుండా గాల్లో ఒక డ్రై రన్. హెడ్ తిరిగే దారిలో క్లాంప్ బోల్టు అడ్డొస్తే పిన్ను వంగుతుంది, దాంతోపాటు ఎన్నో గంటలు మెషినింగ్ చేసిన జాబ్ (పార్టు) మీద గీత పడితే అది స్క్రాపే, నాకు ఇదే పెద్ద భయం.

– రోటరీ (గుండ్రటి జాబ్‌ని తిప్పే అటాచ్‌మెంట్) వాడితే జాబ్ వ్యాసం వెర్నియర్‌తో కొలిచి వేయండి. 50 మి.మీ. షాఫ్ట్‌కి సెట్టింగులో పాత 40 అలాగే ఉండిపోతే అక్షరాలు పావు వంతు సాగుతాయి.

– డేటా మ్యాట్రిక్స్‌కి (స్కానర్ చదివే చుక్కల చదరపు కోడ్) స్పీడ్ తగ్గించండి. చుక్కలు పక్కకి జరిగితే స్కానర్ చదవదు.

– పిన్నుకీ జాబ్‌కీ మధ్య ఎడం మరీ ఎక్కువైతే చుక్క తేలిపోతుంది, పెయింట్ పడ్డాక నంబరు కనపడదు.

– మొదటి నంబరు అదే మెటీరియల్ తుక్కు ముక్క మీద కొట్టి చూడండి.