నడుముకు పెట్టుకునే తుపాకీ: ఏ తరానికి ఏ లోపం, ఏమిటి విరుగుడు

అమెరికాలో జనం రోజూ వెంట పెట్టుకుని తిరిగే చేతి తుపాకులు నూరేళ్లలో గుర్తుపట్టలేనంతగా మారాయి. ప్రతి మార్పూ ఏదో ఒక ఇబ్బందిని తీర్చడానికి వచ్చిందే. అక్కడ ఉంటున్న మనవాళ్లు కొనబోయే ముందు ఏ తరం తుపాకీలో ఏ లోపముందో తెలుసుకోవాలి. చేతిలోకి తీసుకోగానే తూటాలన్నీ తీసేసి, లోపల ఖాళీగా ఉందని కళ్లతో చూసి నిర్ధారించుకోండి.

సమస్య: పాత రివాల్వర్ కింద పడితే పేలుతుంది.

కారణం: 1873 నాటి కోల్ట్ సింగిల్ యాక్షన్ (పేల్చే ముందు ప్రతిసారీ హ్యామర్ అనే సుత్తిని వేలితో వెనక్కి లాగాల్సినది), ఆ నమూనాలో తయారైన రివాల్వర్లలో హ్యామర్ పూర్తిగా దించి ఉంచితే దాని పిన్ను తూటా వెనుక ప్రైమర్‌కు (దెబ్బ తగిలితే మండి తూటాను పేల్చే భాగానికి) ఆనుకునే ఉంటుంది. హ్యామర్‌ను కాస్త ఎడంగా నిలిపే గాడి ఒకటి ఉన్నా, గట్టి దెబ్బకు అది విరగవచ్చు.

పరిష్కారం: తిరిగే చక్రంలోని ఆరు తూటా గదుల్లో ఐదే నింపి, ఖాళీ గది మీద హ్యామర్ దించడం పాత పద్ధతి. 1973లో రూగర్ కంపెనీ తన సింగిల్ యాక్షన్ రివాల్వర్లలో ట్రాన్స్‌ఫర్ బార్ పెట్టింది. ట్రిగ్గర్ నొక్కినప్పుడే ఈ ఉక్కు పట్టీ పైకి లేచి హ్యామర్ దెబ్బను పిన్నుకు అందిస్తుంది. నొక్కకపోతే దెబ్బ పిన్ను దాకా చేరదు. నా దృష్టిలో ఈ చరిత్ర మొత్తంలో ఇంత విలువైన సవరణ మరొకటి లేదు. అంతకుముందు తయారైన తన రివాల్వర్లకు ఆ కంపెనీ ఉచితంగానే ఈ మార్పు చేసి ఇస్తుంది. తప్పక చేయించుకోండి.

సమస్య: జేబులోంచి తీస్తుంటే గుడ్డకు తగులుకుంటుంది.

కారణం హ్యామర్ మీది కొక్కెం. 1927 నాటి కోల్ట్ డిటెక్టివ్ స్పెషల్ రివాల్వర్‌కు అది బయటికే ఉంటుంది. స్మిత్ అండ్ వెసన్ 1952లో తెచ్చిన సెంటెన్నియల్‌లో హ్యామర్‌ను పూర్తిగా లోపలే దాచారు. జేబులో పెట్టుకోవాలంటే అలాంటిదే ఎంచుకోండి.

సమస్య: పలచటి పిస్టల్‌లో తూటాలు తక్కువ.

మ్యాగజైన్‌లో (పిడిలోకి దూర్చే తూటాల పెట్టెలో) తూటాలు ఒకే వరుసలో ఉండడమే కారణం. 1995లో వచ్చిన గ్లాక్ 26లో పది పడతాయి, కానీ అది లావు. 2018లో సిగ్ పీ365 సుమారు అంగుళం మందంలోనే పది పట్టించింది.

సమస్య: హోల్‌స్టర్‌లో (తుపాకీ ఒరలో) పెడుతుండగా పేలింది.

కారణం: ట్రిగ్గర్ నొక్కితేనే హ్యామర్ వెనక్కి వెళ్లి కొట్టే డబుల్ యాక్షన్ రివాల్వర్‌లో ట్రిగ్గర్‌ను బలంగా, చాలా దూరం నొక్కాలి. 1982లో ఆస్ట్రియా సైన్యం తీసుకున్న గ్లాక్‌తో మొదలైన పద్ధతిలో ట్రిగ్గర్ తేలిక, పక్కన వేలితో తిప్పే సేఫ్టీ మీట ఉండదు. కింద పడితే లోపలి రక్షణలు కాపాడతాయి. జాకెట్ తాడో, మెత్తబడి లోపలికి ముడుచుకున్న తోలు అంచో ట్రిగ్గర్‌ను నొక్కితే మాత్రం అవి ఆపలేవు.

పరిష్కారం: ట్రిగ్గర్‌ను పూర్తిగా కప్పే గట్టి ప్లాస్టిక్ హోల్‌స్టర్ వాడండి. మెత్తబడిన తోలుది పారేయండి. పెట్టేటప్పుడు వేలు ట్రిగ్గర్‌కు దూరంగా ఉంచి, చొక్కా అంచు పైకెత్తి, చూస్తూ నెమ్మదిగా దించండి. ఏ కాస్త అడ్డు తగిలినా తోయకండి, బయటకు తీసి ఏం అడ్డుపడిందో చూడండి.