దిష్టిబొమ్మలాంటి విలన్‌ను రాయడం ఎలా?

కొత్తగా కడుతున్న ఇంటి ముందు కోరలు, గుడ్లురిమే కళ్లు దిద్దిన బొమ్మను వేలాడదీస్తారు. దారిన పోయేవాళ్లు దాన్ని చూసి మొహం తిప్పుకుంటారు, ఇంట్లోవాళ్లు కూడా దానికి దండం పెట్టరు. ఇంటిమీద పడే చూపును తనమీదికి లాక్కోవడమే దాని పని. ఫాంటసీ నవలల్లో పిల్ల హీరోను కథంతా ఏడిపిస్తూ లోలోపల వాణ్ణి కాపాడుకొచ్చే పాత్ర చేసేదీ అదే. గోముఖవ్యాఘ్రాన్ని రాయడం తేలిక, నవ్వు మొహం పెడితే సగం పనైపోతుంది. దాన్ని తిరగేసి పులి మొహం వెనక ఆవును దాచబోయి చాలామంది తడబడతారు. మొహాన్ని బాగానే రాస్తారు గానీ, ఆ మొహం ఎందుకు పెట్టుకున్నాడో రాయరు.

పద్ధతి అంతా ఒకే ఉదాహరణ మీద చూద్దాం. పెన్నా లోయ అంచున గండికోటలాంటి ఒక కోట. దాని కింద బెలుంలాంటి ఒక గవి, అంటే గుహ. పన్నెండేళ్ల ఓబులేసు తల్లి పోయాక కోటలో పనికి చేరాడు. కోట వాకిలి కాసే కంబగిరి మంత్రగాడని ఊరంతా భయం. చిన్నదొర మాత్రం ఓబులేసు కనబడినప్పుడల్లా బెల్లంముక్క చేతిలో పెడతాడు. 28 అధ్యాయాల నవల అనుకోండి.

నోరు ఎందుకు విప్పడో ముందు తేల్చండి

మీసం, కొరడా, నల్లకంబళి తర్వాత చూసుకోవచ్చు. ముందు కాగితం మీద ఒక ప్రశ్న రాయండి: ఇతను మొదటి అధ్యాయంలోనే పిల్లవాణ్ణి పక్కకు పిలిచి నిజం చెప్పేస్తే ఏమవుతుంది? ‘కథ అయిపోతుంది’ అన్నది జవాబైతే ఆ పాత్ర ఇంకా పుట్టలేదు. ‘పిల్లవాడు చస్తాడు’ అన్నది జవాబు కావాలి. ‘సమయం వచ్చినప్పుడు చెబుతాను’ అనే పెద్దమనుషులను పాఠకులు క్షమించరు, ఆ సమయం రచయిత చేతిలో ఉందని వాళ్లకు తెలిసిపోతుంది.

దీనికి ముడిసరుకు మన ఇళ్లల్లోనే ఉంది. పిల్లలు దక్కని ఇంట్లో బిడ్డ పుడితే విస్తరాకుల మీద పొర్లించి పుల్లయ్య అనో, పెంటకుప్ప మీద వేసి తీసి పెంటయ్య అనో పేరు పెట్టేవాళ్లు. ఎవరికీ అక్కర్లేని బిడ్డ అనుకుని చావు కూడా వదిలేస్తుందని నమ్మకం. చంటిబిడ్డ బుగ్గమీద నల్లచుక్క పెట్టేదీ అందుకే. ఈ నమ్మకాన్నే మీ ఫాంటసీ లోకంలో చట్టంగా మార్చండి. మన కథలో గవిలో ఒక భూతం ఉంది. కోట గోడల లోపల ఎవరైనా ఒకరిని ముద్దుగా పేరుపెట్టో, వరసపెట్టో పిలిస్తే ఆ గొంతును నేర్చుకుంటుంది, చీకటి పడ్డాక అదే గొంతుతో పిలిచి తీసుకుపోతుంది. ఇప్పుడు కంబగిరి తిట్టడానికి కారణం దొరికింది. వాడిమీద ప్రేమ ఉందని ఒక్కమాట పలికినా ఆ మాటే ఉచ్చవుతుంది. చిన్నదొర ‘ఓబులేసూ, నా బంగారూ’ అన్న ప్రతిసారీ పాఠకుడికి హాయిగా ఉంటుంది. రెండోసారి చదివేటప్పుడు అదే పిలుపుకు ఒళ్లు జలదరిస్తుంది.

ఇలాంటి చట్టం ఒక్కటి చాలు. రెండు పెడితే విప్పి చెప్పడానికే నాలుగు పేజీలు పోతాయి.

ఎందుకు కాపాడుతున్నాడు?

‘అసలు ఇతనే వాడి తండ్రి’ అన్నది వద్దు, అది అరిగిపోయిన నాణెం. రక్తసంబంధం కంటే తీర్చలేని బాకీ బలంగా పనిచేస్తుంది, ఆ బాకీ కూడా మీ చట్టంలోంచే పుట్టాలి. ఇరవై ఏళ్ల కిందట కంబగిరి తన స్నేహితుణ్ణి కోట వాకిట్లో ‘రారా మామా’ అని నవ్వుతూ పిలిచాడు. ఆ గొంతే ఆ స్నేహితుణ్ణి మింగింది. ఆ పోయినవాడు ఓబులేసు మేనమామ. ఇంతకంటే గతం అక్కర్లేదు.

రెండు పద్దుల పుస్తకం

ఇక్కడ తొందరపడకండి. నోటుపుస్తకంలో పేజీ మధ్యన గీత కొట్టి, ఎడమవైపు పిల్లవాడు చూసింది, కుడివైపు జరిగింది రాయండి. 28 అధ్యాయాల నవలకు ఆరేడు పద్దులు సరిపోతాయి. పది దాటితే కంబగిరికి వేరే పనే లేదా అనిపిస్తుంది. ప్రతి పద్దులోనూ చేసిన పని ఒకటే ఉండాలి, కారణం మాత్రమే మారాలి. ‘కొట్టినట్టు కనిపించింది గానీ నిజానికి కొట్టలేదు’ అంటే అది మోసం. కొట్టాడు. ఎందుకు కొట్టాడన్నదే దాచాలి.

మొదటి పద్దు: కోట కవిలెలో, అంటే లెక్కల పుస్తకంలో, ఓబులేసు పేరు కొట్టేసి ‘పెంటోడు’ అని రాయిస్తాడు. నలుగురిలో వాడి తల తీసేసినట్టవుతుంది. కుడివైపు కారణం పైన చెప్పుకున్నదే.

రెండోది తొలకరి నాటిది. జొన్నగిరి, తుగ్గలి, వజ్రకరూరు చేలల్లో మొదటి వాన పడగానే జనం వజ్రాల కోసం వంగి వెతకడం మీ పాఠకులకు తెలిసిందే, కాబట్టి ఆ దృశ్యాన్ని వివరించే శ్రమ ఉండదు. ఓబులేసు కంటికి ఎర్రమట్టిలో తళుక్కుమని ఒక రాయి కనబడుతుంది. చెయ్యి చాపేలోపు చర్నాకోల దెబ్బ పడుతుంది, కంబగిరి ఆ రాయిని లాక్కుని ఎక్కడికో పోతాడు. పిల్లవాడి లెక్కలో అది దొంగతనం. కుడివైపు లెక్కలో ఆ రాయి గవి వేసిన ఎర. కంబగిరి అరచేతికి ఆ రోజునుంచి కట్టు ఉంటుంది. ఆ కట్టు గురించి ఎవరూ మాట్లాడకూడదు.

మూడోది జొన్నల పాతర దగ్గర. సీమ ఊళ్లల్లో భూమిలో గొయ్యి తవ్వి ధాన్యం నిల్వచేసేవాళ్లు. మూసి ఉన్న పాతరలో గింజలు వదిలిన చెడుగాలి అడుగున పేరుకుంటుంది, దిగినవాడు ఊపిరాడక పడిపోతాడు. అందుకే ముందు దీపం దించి చూస్తారు. మన సన్నివేశంలో కంబగిరి పాతరలోకి దిగబోతున్న ఓబులేసు చేతిలో లాంతరు గుంజుకుని తాడుకు కట్టి లోపలికి జారవిడుస్తాడు. అది ఆరిపోతుంది. ‘దీపం కూడా పాడుచేస్తివి కదరా’ అని చెంప పగలగొట్టి తరిమేస్తాడు. పాతర సంగతి తెలిసిన పాఠకుడికి అక్కడే ఏదో తగులుతుంది, తెలియనివాడికి తిట్టు మాత్రమే వినబడుతుంది. ఇద్దరికీ అన్యాయం జరగలేదు. దొరికితే ఇలాంటి పద్దునే ఎంచుకోండి. మంత్రంతో పని లేకుండా లోకజ్ఞానంతోనే విప్పగలిగే ముడి, పది మాయలకంటే గట్టిది.

సాకు లేని దెబ్బ ఒకటి

అన్ని పద్దులకూ కుడివైపు మంచి కారణమే ఉంటే కంబగిరి మనిషిలా ఉండడు, లెక్కలు సరిచూసిన కవిలెలా ఉంటాడు. కనీసం ఒక పద్దులో కుడివైపు ఖాళీగా వదిలేయండి. ఉదాహరణకు ఓబులేసు తల్లిని గురించి సంతలో నలుగురి ముందు ఒక నీచమైన మాట అంటాడు. దానికి అవసరం లేదు, కోపం మాత్రమే ఉంది. నిజం బయటపడ్డాక కూడా ఆ మాట అలాగే నిలబడాలి. కాపాడినంత మాత్రాన కొట్టిన దెబ్బ మాయం కాదని పిల్ల పాఠకులకు పెద్దలకంటే బాగా తెలుసు.

తెలుగు ఇచ్చే పనిముట్లు

ఈ రకం కథకు తెలుగు పుట్టుకతోనే అనువైన భాష. పని చేసిందెవరో చెప్పకుండానే వాక్యం నడుస్తుంది. ‘తెల్లారేసరికి దారిలో ముళ్లకంప లేదు’ అని రాస్తే ఎవరు తీశారని భాష అడగదు. ‘రాత్రి ఎవరో వచ్చిపోయినారు’ అంటే ఒకరో నలుగురో, ఆడో మగో తెలియదు. దాపరికం కోసం వాక్యాన్ని వంచనక్కర్లేదు.

‘అంట’ను కొలిచి వాడండి. ‘కంబగిరి ముగ్గురు పిల్లల్ని గవిలో పడేసినాడంట’ అంటే ఊరి మాట. ‘పడేశాడు’ అని కథకుడే రాస్తే అబద్ధం, పాఠకుడు ఎప్పటికీ క్షమించడు. పుకారుకు బలం ఇవ్వాలంటే దానికొక చూపించే వస్తువును ఇవ్వండి. లేపాక్షిలో ఆ గుడి కట్టించిన విరూపణ్ణ తన కళ్లు తానే పీక్కుని గోడకు కొట్టాడంటూ ఈనాటికీ ఎర్రటి మచ్చలు చూపిస్తారు. మచ్చ ఉంది కాబట్టి కథ నాలుగువందల ఏళ్లు దాటినా చెదరలేదు. మీ కోటలోనూ అలాంటి మచ్చ ఒకటి ఉంటే కంబగిరి మీద నేరం దానంతటదే పాకుతుంది.

సర్వనామాలే అసలైన మెట్లు. ఓబులేసు కళ్లతో నడిచే కథలో కంబగిరి 16వ అధ్యాయం దాకా ‘వాడు’. 17లో ఒక్కచోట, పిల్లవాడికే తెలియకుండా, ‘అతను’. నిజం తెలిశాక కూడా వెంటనే ‘ఆయన’ అనిపించొద్దు, రెండు అధ్యాయాలు ఆగండి. ఈ మార్పును ఎక్కడా ఎత్తి చూపకండి, చెవికే వదిలేయండి.

తిట్లు కూడా అంతే. ‘నీ బండబడ’ అన్నది అవ్వ నోట ముద్దు, పరాయివాడి నోట శాపం. కంబగిరి నోట అది ఏదో చివరిదాకా తేలకపోతేనే మేలు. పిలుపుల్లో ఒక్క జారుపాటు పెట్టుకోవచ్చు. ఎప్పుడూ ‘రేయ్’ అనేవాడు, కోటగోడ కూలుతున్న క్షణంలో ‘అబ్బీ!’ అని అరుస్తాడు. దాని ఫలితం ఆ రాత్రే గవిలోంచి రావాలి, లేకపోతే మీ చట్టం నీరుగారిపోతుంది.

ఇంకో జాగ్రత్త. సినిమాలు సీమ మాటను విలన్‌కు కట్టబెట్టి అలవాటు చేశాయి. కోటలో అందరూ పుస్తకాల తెలుగు మాట్లాడి కంబగిరి ఒక్కడే ‘యాడికిరా పోతాండావు’ అంటే ఆ పాత రోతనే మళ్లీ రాసినట్టు. ఓబులేసూ అలాగే మాట్లాడాలి, అవ్వా అలాగే, బెల్లం పెట్టే చిన్నదొరా అలాగే.

ఎంత చూపించాలి?

ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేస్తారు. ఆటలో బొమ్మను తెరకు ఆనిస్తే రంగులు, గీతలు తేటగా కనబడతాయి. వెనక్కి, దీపం వైపు జరిపితే నీడ పెద్దదై మసకబారుతుంది. మొదటి ఎనిమిది అధ్యాయాల్లో కంబగిరిని వెనక్కి జరిపి ఉంచండి: కిర్రుచెప్పుల చప్పుడు, కంబళి వాసన, దూరంనుంచి ఒక తిట్టు. ఆ తర్వాత మెల్లగా తెర దగ్గరికి. మొత్తం పది, పదకొండు అధ్యాయాల్లో కనబడితే చాలు. అతని మనసులోకి ఒక్కసారి కూడా దూరకండి. దూరి, అక్కడ ఉన్నది చెప్పకపోతే అది దొంగాట.

ఆనవాళ్లు ఒక్కో పద్దుకు ఒకటి. అరచేతి కట్టులాంటిదాన్ని జాబితా మధ్యలో పెట్టండి: ‘నడుముకు తాళాలగుత్తి, చేతికి గుడ్డకట్టు, భుజాన చర్నాకోల’. కన్ను చర్నాకోల మీద ఆగుతుంది. పేరా చివర పెడితే గంట కొట్టినట్టే.

గవి కొలతల్లో కూడా నిజాయితీ ఉండాలి. బెలుం గవుల కొలిచిన పొడవు 3,229 మీటర్లు, అడుగున పాతాళగంగ దగ్గర లోతు 46 మీటర్లు. లోపల ఉక్కపోత. కాగడాతో వంగి నడిచే పిల్లవాడు అంతదూరం ఒక్క పేరాలో పోయి రాలేడు. దారిలో ఎక్కడ కూర్చున్నాడు, చెమట ఎక్కడ తుడుచుకున్నాడు అన్నవి రాస్తేనే వెనకాల వస్తున్న కిర్రుచెప్పులు వినబడతాయి.

ముడి విప్పడం

22 లేక 23వ అధ్యాయం. కంబగిరి నోట ఒప్పుకోలు వద్దు, చచ్చేముందు పెద్ద ప్రసంగం అసలే వద్దు. ఓబులేసే లెక్క కట్టాలి. కవిలె తిరగేస్తుంటే తనకంటే ముందు పేర్లు కొట్టేసిన పిల్లలు పదకొండుమంది కనబడతారు: పెంటోడు, పుల్లిగాడు, బూడిదోడు. పదకొండుమందీ పెరిగి పెద్దవాళ్లయి ఊళ్లో తిరుగుతున్నవాళ్లే. పేరు కొట్టెయ్యని ముగ్గురే లేరు. ఆ పేజీ చాలు. గతం చెప్పే భాగం రెండు పేజీలు దాటితే వేడి చల్లారుతుంది.

ఆ తర్వాత ఒక అడుగు పిల్లవాడే వెయ్యాలి. అహోబిలం కథలో హిరణ్యకశిపుణ్ణి చీల్చిన ఉగ్రరూపం దగ్గరికి దేవతలు కూడా పోలేకపోతే ప్రహ్లాదుడు పోయి నిలబడ్డాడు. అక్కడ రక్షకుడెవరో ముందే తెలుసు, మన కథలో తెలియదు, ఆ తేడా ఉంది. కానీ భయంకరమైన మొహం ముందుకు పసివాడు నడిచిపోవడంలోని బలం రెంటికీ ఒకటే. ఓబులేసు కోపంగానే పోవచ్చు. ‘మా అమ్మను ఎందుకంత మాట అన్యావు?’ అని అడగనివ్వండి. కంబగిరి దగ్గర జవాబు ఉండకూడదు.

అతణ్ణి చంపేయాలన్న ఆశ మీకు తప్పకుండా కలుగుతుంది. చంపితే బాకీ చెల్లు, కన్నీళ్లు గ్యారంటీ, రచయితకు సుఖం. బతికించడమే కష్టం, ఎందుకంటే మర్నాడు ఆ ఇద్దరూ ఒకే వాకిట్లో ఎదురుపడాలి. వీలైతే ఆ కష్టమే పడండి.

అచ్చుకు ముందు

ముగ్గురికి చదవడానికి ఇవ్వండి, అందులో ఒకరు పదమూడేళ్ల లోపువాళ్లు కావాలి. 12వ అధ్యాయం దగ్గర ఆపి, కంబగిరి ఎలాంటివాడని అడగండి. ముగ్గురూ ‘లోపల మంచోడే’ అంటే ఆనవాళ్లు ఎక్కువయ్యాయి, రెండు తీసేయండి. అంతా చదివాక ‘ఇది ఎక్కణ్నుంచి వచ్చింది?’ అన్నారంటే తక్కువయ్యాయి, మొదటి సగంలో ఒకటి చేర్చండి. ఒక్కరికి అనుమానం వచ్చి మిగతా ఇద్దరితో వాదులాడితే ఇక ముట్టుకోకండి.

చివరి అధ్యాయం మాత్రం మీరే మళ్లీ చూసుకోండి. గవి మూతపడింది, ఇక పేరు పెట్టి పిలిచినా భయం లేదు. కంబగిరి నోరు తెరుస్తాడు. ఇరవై ఏళ్లుగా ఎవరినీ ముద్దుగా పిలవని నాలుకకు ఆ పేరు తిరగదు. ‘రేయ్ పెంటోడా, సంగటి ఉంది, తినిపో’ అంటాడు. ఓబులేసు తినిపోయాడా లేదా అన్నది ఒక్క వాక్యంలో రాసి కలం పక్కన పెట్టండి.